అంతర్జాతీయ సంబంధాలు, భద్రతా అధ్యయనాలు: చదువుకు చోటు ఎంపిక

ఇంజనీరింగ్ సీటు కోసం చూసే కుటుంబానికి తెలుగు రాష్ట్రాల్లో స్థిరపడిన పద్ధతి ఒకటి ఉంది. ఎప్‌సెట్ ర్యాంకు వస్తుంది, నిరుడు ఏ కళాశాలలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చెప్పే పట్టికలు దొరుకుతాయి, బంధువర్గంలోనో ఇరుగుపొరుగులోనో ఆ కళాశాలలో చదివినవారు ఒకరైనా ఉంటారు, కనుక వెబ్ ఆప్షన్లు పెట్టుకునే నాటికే ఎంపిక సగం పూర్తయి ఉంటుంది. అంతర్జాతీయ సంబంధాలు, భద్రతా అధ్యయనాలు చదవదలచిన విద్యార్థికి ఈ ఆసరాలేవీ ఉండవు. ఈ చదువు చదివినవారు ఊళ్లో కనిపించరు, కటాఫ్ పట్టికలు ఉండవు, ఎన్‌ఐఆర్‌ఎఫ్ ప్రకటించే జాతీయ ర్యాంకుల్లో ఈ శాస్త్రానికంటూ విడి విభాగం లేదు, న్యాక్ ఇచ్చే గ్రేడు విశ్వవిద్యాలయం మొత్తానికి చెందినదే తప్ప అందులోని ఒక విభాగం బోధనా ప్రమాణాన్ని అది తెలియజేయదు. ఇన్ని లోట్ల మధ్య విద్యార్థి పేరున్న సంస్థనో, అందమైన బ్రోషరునో నమ్ముకోవడం సహజమే. అయితే ఈ శాస్త్రంలో సంస్థ పేరుకూ విభాగం నాణ్యతకూ మధ్య దూరం ఇతర చదువుల్లో కంటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఎంపిక కొలతలను విద్యార్థి తానే తయారుచేసుకోవలసి వస్తుంది.

ముందుగా చదవబోయేది ఏమిటో స్పష్టపడాలి. అంతర్జాతీయ సంబంధాలు అనే శాస్త్రం దేశాలు ఒకదానితో ఒకటి ఎలా వ్యవహరిస్తాయో, యుద్ధం ఎందుకు వస్తుందో, ఒప్పందం ఎందుకు నిలుస్తుందో లేదా కూలుతుందో, వాణిజ్యం, వలస, అప్పు, ఆయుధం ఈ వ్యవహారాన్ని ఎలా మలుస్తాయో పరిశీలిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధపు విధ్వంసం చూసిన తరం అలాంటి యుద్ధం మళ్లీ రాకుండా ఏం చేయాలన్న ఆరాటంతో 1919లో వేల్స్‌లోని అబరిస్ట్విత్‌లో ఈ శాస్త్రానికి తొలి ఆచార్య పీఠాన్ని నెలకొల్పింది. భద్రతా అధ్యయనాలు ఇందులోని ఒక శాఖ. ఎవరికి, దేనివల్ల ముప్పు ఉంది, దాన్ని ఎలా నివారించాలి, ఆ నివారణ చర్యే మరో ముప్పుకు దారితీయకుండా ఎలా చూడాలి అన్నవి దాని ప్రశ్నలు. ఉదాహరణకు భద్రతా సందిగ్ధం అనే భావనను తీసుకోవచ్చు. ఒక దేశం కేవలం తన రక్షణ కోసం ఆయుధాలు సమకూర్చుకున్నా పొరుగు దేశం దాన్ని దాడికి సన్నాహంగా భావించి తానూ ఆయుధాలు పెంచుకోవడం, చివరకు ఇద్దరి భద్రతా తగ్గిపోవడం దీని సారాంశం. జాన్ హెర్జ్ 1950లో ఈ పేరు పెట్టాడు. 1998 మే 11న, 13న పోఖ్రాన్‌లో భారత్ అణుపరీక్షలు జరపడం, అదే నెల 28న, 30న పాకిస్తాన్ పరీక్షలు జరపడం ఈ భావనతో ఎంతవరకు వివరణకు లొంగుతాయో, దేశీయ రాజకీయాల వంటి ఏ కారణాలు దానికి అందకుండా మిగిలిపోతాయో వాదించగలగడమే ఈ చదువులో నేర్చుకునే పని.

ఈ రెండో భాగం, అంటే సిద్ధాంతం ఎక్కడ ఆగిపోతుందో గుర్తించడం, అందరు అధ్యాపకులూ నేర్పరు. దానిని నేర్పే విభాగం దొరకడమే మంచి ఎంపిక.

కోర్సు పేరులో భద్రత అంటే ఏది?

ఒకే పేరుతో నడిచే కోర్సుల్లో వేర్వేరు చదువులు దాగి ఉంటాయి. పుణె, అలహాబాద్, మద్రాస్, పంజాబ్ విశ్వవిద్యాలయాల్లోని రక్షణ, వ్యూహాత్మక అధ్యయన విభాగాలు యుద్ధచరిత్ర, సైనిక వ్యూహం, రక్షణ వ్యయం, అణు విధానం కేంద్రంగా ఎదిగాయి. కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో 1956 నుంచి ఉన్న అంతర్జాతీయ సంబంధాల విభాగమూ, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ అధ్యయనాల పాఠశాలా రాజనీతిశాస్త్రం, చరిత్ర, అంతర్జాతీయ న్యాయం పునాదిగా భద్రతను బోధిస్తాయి. జామియా మిలియా ఇస్లామియాలోని నెల్సన్ మండేలా కేంద్రం శాంతి, సంఘర్షణ పరిష్కారం వైపు నుంచి అదే విషయాన్ని చూస్తుంది. 2020 నాటి పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా మారిన గాంధీనగర్‌లోని రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయంలో పోలీసు వ్యవస్థ, అంతర్గత భద్రత, సైబర్ నేరాల వంటివి ప్రధానం. వీటిలో ఏదీ మరొకదానికంటే తక్కువది కాదు. అయితే అణు నిరోధ సిద్ధాంతం, అంటే ఎదుటివాడు దాడి చేస్తే భరించలేని ప్రతీకారం తప్పదన్న భయంతోనే దాడిని ఆపడం అనే ఆలోచన, చదవాలని వచ్చిన విద్యార్థి నేరపరిశోధన పాఠాల మధ్య కూర్చోవలసి వస్తే రెండేళ్లు వృథా అవుతాయి. కొన్ని ప్రైవేటు సంస్థల ప్రకటనల్లో సెక్యూరిటీ అన్న మాట కంప్యూటర్ నెట్‌వర్కుల రక్షణకో, పారిశ్రామిక భద్రతా నిర్వహణకో కూడా వాడుతున్నారు కాబట్టి, పేరు చూసి కాక సెమిస్టర్ వారీగా ఉన్న పేపర్ల జాబితా చూసి నిర్ణయించుకోవాలి.

భద్రత పరిధి విషయంలోనూ విభాగాలకు భేదం ఉంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1994లో వెలువరించిన మానవాభివృద్ధి నివేదిక మానవ భద్రత అనే భావనను ముందుకు తెచ్చింది. దేశ సరిహద్దు క్షేమంగా ఉన్నంత మాత్రాన మనిషి క్షేమంగా ఉన్నట్టు కాదనీ, ఆహారం, ఆరోగ్యం, పర్యావరణం, ఉపాధి కూడా భద్రతలో భాగమేననీ ఆ నివేదిక వాదించింది. ఈ విస్తృతిని అంగీకరించే విభాగంలో కరవు, వలస, అంటువ్యాధి పాఠ్యాంశాలవుతాయి. అంగీకరించని విభాగంలో సైన్యం, సరిహద్దు, ఆయుధం దగ్గరే పాఠం ఆగుతుంది. ఈ రెండు దృక్పథాలనూ విద్యార్థి ముందు పెట్టి వాదన జరిపించే చోటు మేలు. ఒక దృక్పథాన్నే సత్యంగా అందించే చోట చదివినవాడు విశ్లేషకుడు కాలేడు.

ఒక ప్రాంతం, ఒక భాష

ఈ అధ్యాయం ప్రతిపాదించే ప్రధానమైన కొలత ఒకటే. పట్టా చేతికి వచ్చేనాటికి విద్యార్థికి ప్రపంచంలోని ఏదో ఒక ప్రాంతం గురించి, ఆ ప్రాంతపు భాషతో సహా, లోతైన పరిచయం కలిగించగల విభాగమే తగిన విభాగం. ప్రపంచం మొత్తం గురించి కొద్దికొద్దిగా తెలిసిన పట్టభద్రులు దేశంలో ఎందరో ఉన్నారు. వారు రాసేదంతా ఆంగ్ల పత్రికల్లో అప్పటికే వచ్చిన విశ్లేషణకు పునరావృత్తిగా మిగులుతుంది. చైనా ప్రభుత్వ పత్రాన్ని చైనీస్‌లో చదవగలిగినవారు, గల్ఫ్ దేశపు కార్మిక చట్టాన్ని అరబ్బీలో పరిశీలించగలిగినవారు, మయన్మార్ సరిహద్దు పరిణామాలను అక్కడి పత్రికల ద్వారా అనుసరించగలిగినవారు కొద్దిమంది. విదేశాంగ శాఖకూ, పరిశోధన సంస్థలకూ, పత్రికలకూ, విదేశాల్లో వ్యాపారం చేసే కంపెనీలకూ కొరతగా ఉన్నది ఆ కొద్దిమందే. భారత విదేశాంగ సేవలో చేరిన ప్రతి అధికారికీ శిక్షణలో భాగంగా ఒక విదేశీ భాషను కేటాయించి తప్పనిసరిగా నేర్పించడం కూడా ఈ అవసరాన్నే సూచిస్తుంది.

భారతదేశంలో ఈ శాస్త్రానికి తొలి రూపం ఇచ్చినవారికి ఈ సంగతి తెలుసు. 1955లో ఢిల్లీలో ఎ. అప్పాదొరై సంచాలకుడిగా ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ ప్రాంతీయ అధ్యయనాలకు పెద్దపీట వేసింది. ప్రాంతీయ అధ్యయనం అంటే ఒక భూభాగపు చరిత్ర, భాష, సమాజం, ఆర్థికం, రాజకీయాలను కలిపి చదవడం. 1970లో ఆ సంస్థ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విలీనమైంది. ఇప్పటికీ అక్కడ పశ్చిమాసియా, తూర్పు ఆసియా, రష్యా-మధ్యాసియా, ఆఫ్రికా, దక్షిణాసియా వంటి ప్రాంతాలకు వేర్వేరు కేంద్రాలు ఉన్నాయి, పక్కనే భాషల పాఠశాలలో ఆ ప్రాంతాల భాషల్లో డిగ్రీలు నడుస్తున్నాయి. ఒకే ప్రాంగణంలో ఈ రెండూ ఉండడం దేశంలో అరుదైన వసతే అయినా, అక్కడ చేరినవారిలోనూ భాషను పట్టించుకోకుండా పీజీ ముగించుకునేవారు తక్కువేమీ కాదు.

ఏ ప్రాంతాన్ని ఎంచుకోవాలన్నది అభిరుచిని బట్టి ఉంటుంది కానీ, తెలుగు విద్యార్థికి పుట్టిన నేలే కొన్ని దారులు చూపుతుంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల జిల్లాల నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి తరతరాలుగా గల్ఫ్‌కు వలస సాగుతోంది. 1990లో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినప్పుడు లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో వెనక్కు తీసుకురావలసి వచ్చింది. పశ్చిమాసియాలో యుద్ధం ఈ జిల్లాల్లో ఇంటి వార్తే అయినా, అక్కడి రాజకీయాన్ని అరబ్బీ మూలాల నుంచి చదివి తెలుగువారికి వివరించే పండితులు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది కూడా కనిపించరు. తూర్పు తీరానిది మరో దారి. విశాఖపట్నం తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, దేశంలో నిర్మించిన తొలి అణు జలాంతర్గామి అరిహంత్ 2009లో నీటిలోకి దిగింది అక్కడే, వివిధ దేశాల నౌకాదళాలు పాల్గొనే మిలాన్ విన్యాసాలు 2022లోనూ 2024లోనూ జరిగిందీ అక్కడే. బంగాళాఖాతం చుట్టూ ఉన్న మయన్మార్, థాయిలాండ్, ఇండోనేసియాల గురించీ, సముద్ర సరిహద్దులకు ప్రాతిపదిక అయిన 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒడంబడిక గురించీ చదవడానికి ఆ తీరం పిల్లలకు ఉన్న కారణం బలమైనది. ఈ దేశాలతో సంబంధాలకు కొత్త ఊపు ఇచ్చిన తూర్పు చూపు విధానాన్ని 1990ల ఆరంభంలో చేపట్టిన ప్రధాని పి.వి. నరసింహారావు తెలుగువాడు, బహుభాషావేత్త కూడా అన్నది ఇక్కడ స్మరించదగిన విషయం.

భాష విషయంలో హైదరాబాద్‌కు ఉన్న అనుకూలతను తెలుగు విద్యార్థులు తగినంతగా వాడుకోవడం లేదు. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, అంటే ఇఫ్లూలో అరబ్బీ, రష్యన్, జపనీస్, స్పానిష్, ఫ్రెంచ్ వంటి భాషల బోధన ఉంది. కొన్ని భాషల్లో పూర్తి డిగ్రీ, కొన్నింటిలో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు నడుస్తాయి. ఇంటర్మీడియట్ పూర్తయిన విద్యార్థికి ఈ పుస్తకం ఇచ్చే మొదటి సలహా కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. డిగ్రీలోనే అంతర్జాతీయ సంబంధాలు అన్న పేరు కోసం వెతకనవసరం లేదు. విదేశీ భాషలో బీఏ చేసి, పీజీలో అంతర్జాతీయ సంబంధాలకు వెళ్లడం చాలా సందర్భాల్లో బలమైన మార్గం. అందులో రాజనీతిశాస్త్రపు పునాది లోపిస్తుందన్న సందేహానికి కూడా పరిష్కారం ఉంది. ఒకే కాలంలో రెండు డిగ్రీలు, ఒకటి తరగతి గదిలోనూ మరొకటి దూరవిద్యలోనూ చేసుకునేందుకు యూజీసీ 2022లో అనుమతినిచ్చింది. పగలు భాషా డిగ్రీ చదువుతూ, ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారానో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారానో రాజనీతిశాస్త్రం ప్రధాన పాఠ్యాంశంగా మరో బీఏ చేయడం సాధ్యమే. చేరదలచిన రెండు సంస్థల నిబంధనలూ దీనికి అడ్డు రావని ముందే నిర్ధారించుకుంటే చాలు.

ఇంటర్‌లో ఎంపీసీ చదివినవారు ఈ వైపు రాలేరన్న అభిప్రాయం తప్పు. అణుశక్తి, క్షిపణులు, ఉపగ్రహాలు, సైబర్ దాడుల గురించి రాసేవారిలో భౌతికశాస్త్రం తెలిసినవారి అవసరం ఎంతో ఉంది.

విభాగాన్ని లోపలి నుంచి చూడడం

పాఠ్యప్రణాళిక దొరికాక అందులో వెతకవలసినవి మూడు నాలుగే. సిద్ధాంతపు పేపరు ఎక్కడైనా ఉంటుంది. మోర్గెంథావ్, వాల్ట్జ్ వంటి వాస్తవికవాదుల పేర్లు, అంటే దేశాలు అంతిమంగా అధికారం కోసమో మనుగడ కోసమో వ్యవహరిస్తాయనే వాదం చేసినవారి పేర్లు, అన్ని చోట్లా కనిపిస్తాయి. చూడవలసింది ఆ తర్వాతి పేపర్లలో ఆర్థికశాస్త్రం ఎంత ఉంది, అంతర్జాతీయ న్యాయం ఉందా, పరిశోధనా పద్ధతుల పేపరు అలంకారానికి ఉందా లేక విద్యార్థి చేత గణాంకాలు విశ్లేషింపజేసేలా, పాత దస్త్రాలు చదివించేలా ఉందా, చివరి సెమిస్టర్‌లో దీర్ఘ వ్యాసం తప్పనిసరా అన్నవి. పఠన జాబితా మరింత చెబుతుంది. అందులోని పుస్తకాలన్నీ ముప్పై ఏళ్ల నాటివే అయితే ఆ పాఠం చాలాకాలంగా మారలేదని అర్థం. అన్నీ అమెరికన్ రచనలే అయితే భారతదేశపు అనుభవం ఆ తరగతిలో ఉదాహరణగా తప్ప ప్రశ్నగా రాదని అర్థం.

అధ్యాపకుల విషయం ఇంకా ముఖ్యం, పరిశీలించడం కొంత కష్టం. విభాగం వెబ్‌సైటులో ఉన్న పేర్లను ఒక్కొక్కటిగా తీసుకుని, గత అయిదేళ్లలో వారు ఏ విషయం మీద, ఏ పత్రికలో రాశారో చూడాలి. జేఎన్‌యూ నుంచి వచ్చే ఇంటర్నేషనల్ స్టడీస్, రక్షణ అధ్యయనాల కోసం 1965లో ఏర్పడి ఇప్పుడు మనోహర్ పరీకర్ పేరుతో ఉన్న ఢిల్లీ సంస్థ వెలువరించే స్ట్రాటెజిక్ అనాలిసిస్ వంటి పరిశోధన పత్రికలను తిరగేస్తే ఎవరు పనిచేస్తున్నారో కొంతవరకు బోధపడుతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి భర్తీ కాక, కాంట్రాక్టు అధ్యాపకులతోనో అతిథి అధ్యాపకులతోనో తరగతులు నడవడం తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలిసిన బాధాకరమైన వాస్తవం. ఆ అధ్యాపకుల్లో అంకితభావం ఉన్నవారు ఎందరో ఉన్నారు. కానీ ప్రతి ఏటా ఉద్యోగ భద్రత గురించే ఆందోళన పడవలసిన వ్యక్తి ఒక విద్యార్థి దీర్ఘ వ్యాసాన్ని చివరివరకు పర్యవేక్షించగలడని ఆశించడం అన్యాయం. కనుక విభాగంలో శాశ్వత అధ్యాపకులు ఎందరు, తాను ఎంచుకున్న ప్రాంతం మీద పనిచేసేవారు వారిలో ఒక్కరైనా ఉన్నారా అని నేరుగా అడగాలి. అక్కడ ప్రస్తుతం చదువుతున్న సీనియర్లను అడిగితే మరింత నిజాయితీగల సమాధానం వస్తుంది. గత సెమిస్టర్‌లో ఎన్ని వ్యాసాలు రాశారు, వాటిని దిద్ది తిరిగి ఇచ్చారా అన్న ఒక్క ప్రశ్న బోధన నాణ్యతను దాదాపు పూర్తిగా బయటపెడుతుంది.

రాయడం గురించి ఇంత పట్టుదల అవసరమే. ఈ రంగంలో ఉద్యోగం అంటే ప్రధానంగా రాయడం. రాయబార కార్యాలయపు అధికారి పంపే నివేదిక, పరిశోధకుడి విధాన పత్రం, కంపెనీకి ఒక దేశంలో పెట్టుబడి ప్రమాదాన్ని అంచనా వేసి ఇచ్చే సలహా, అన్నీ రెండు మూడు పుటల్లో స్పష్టంగా చెప్పవలసిన రాతలే. తెలుగు మాధ్యమంలో తెలుగు అకాడమీ పుస్తకాలతో డిగ్రీ పూర్తిచేసిన విద్యార్థికి విషయ పరిజ్ఞానంలో కొరత ఉండకపోవచ్చు గానీ, వారానికి వందల పుటల ఆంగ్ల పఠనం, నెలకొక ఆంగ్ల వ్యాసం మొదటి సెమిస్టర్‌లో కుంగదీస్తాయి. అలాంటివారు భాషా సహాయానికి ప్రత్యేక ఏర్పాటు ఉన్న విశ్వవిద్యాలయాన్ని కోరుకోవడంలో చిన్నతనమేమీ లేదు. తెలుగులో ఆలోచించి వాదన నిర్మించగలిగినవారు ఆంగ్ల వాక్యాన్ని ఏడాదిలో పట్టుకోగలరు. వాదనే లేనివారికి ఆంగ్లం ఎంత వచ్చినా ఉపయోగం కొద్దిదే.

గ్రంథాలయం గురించి ఒక తాజా మార్పును గమనించాలి. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఒక దేశం, ఒక చందా పథకం కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులకు దాదాపు 13,000 అంతర్జాతీయ పరిశోధన పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. ప్రైవేటు సంస్థలు ఈ తొలి దశలో లేవు, అవి సొంత ఖర్చుతో ఏ పత్రికలకు చందా కడుతున్నాయో అడిగి తెలుసుకోవాలి. పెద్ద భవనం ఉన్న ప్రైవేటు గ్రంథాలయంలో కంటే జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎక్కువ పత్రికలు దొరికే పరిస్థితి ఇప్పుడు ఏర్పడింది.

పట్టా మీద ఉండే పేరు చిన్న విషయంగా కనిపించి తర్వాత ఇబ్బంది పెడుతుంది. జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ వంటి ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్లు ఏ పీజీ ఉండాలో పేరుతో సహా నిర్దేశిస్తాయి, పౌరశాస్త్రం పోస్టుకు రాజనీతిశాస్త్రం అనో ప్రభుత్వ పాలన అనో రాసి ఉన్నప్పుడు అంతర్జాతీయ సంబంధాలు అన్న పట్టాను అంగీకరిస్తారా లేదా అన్నది వివాదం కావచ్చు. జేఎన్‌యూలో చాలాకాలంగా నడుస్తున్న పీజీ పట్టా పేరు అంతర్జాతీయ అధ్యయనాల ప్రత్యేకతతో రాజనీతి ఎంఏ అని ఉండడం ఈ కోణంలో విద్యార్థికి మేలు చేసింది. యూజీసీ నెట్ పరీక్షలో రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ-ప్రాంతీయ అధ్యయనాలు, రక్షణ-వ్యూహాత్మక అధ్యయనాలు మూడూ వేర్వేరు సబ్జెక్టులుగా ఉన్నాయి కాబట్టి, అధ్యాపక వృత్తి లక్ష్యమైతే తన పట్టా ఏ గూటిలోకి వస్తుందో చేరకముందే తెలుసుకోవాలి.

విదేశాంగ సేవ ఒక్కటే లక్ష్యంగా ఈ చదువుకు వచ్చేవారికి ఒక సత్యం సూటిగా చెప్పాలి. యూపీఎస్‌సీ సివిల్ సర్వీసెస్ పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు, ఏటా విదేశాంగ సేవలోకి తీసుకునేది కొద్ది పదుల మందినే. రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు అన్న ఐచ్ఛికానికి ఈ చదువు తోడ్పడుతుంది, ఇంటర్వ్యూలోనూ పనికివస్తుంది, కానీ ఆ పరీక్షకు ఇది అర్హతా కాదు, హామీ అంతకన్నా కాదు. సైన్యంలో చేరాలంటే ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ, డిగ్రీ తర్వాత సీడీఎస్ పరీక్షలు ఉన్నాయి, వాటికీ ఈ పట్టా అక్కర్లేదు. పరీక్షలో ఎంపిక కాకపోయినా ఈ చదువు తనకు విలువైనదే అనిపించే విద్యార్థే దీనిలోకి రావాలి.

ఖర్చు, దూరం, పౌరసత్వం

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు నామమాత్రం, ఢిల్లీలో బతుకు ఖర్చే అసలు భారం. హాస్టల్ సీటు దొరుకుతుందా లేదా అన్నది ఫీజు కంటే పెద్ద ప్రశ్న. సార్క్ దేశాలు కలిసి 2010లో ప్రారంభించిన దక్షిణాసియా విశ్వవిద్యాలయం కూడా ఢిల్లీలోనే ఉంది, అక్కడ అంతర్జాతీయ సంబంధాల పీజీ చదివేవారికి బంగ్లాదేశ్, నేపాల్ వంటి పొరుగు దేశాల విద్యార్థులతో ఒకే తరగతిలో కూర్చునే అవకాశం ఉంటుంది, సరిహద్దు తగాదా గురించి ఆవలి వైపు వాదనను మనిషి నోట వినడం ఈ చదువులో పుస్తకానికి తీసిపోని పాఠం. సోనీపత్‌లోని జిందాల్ అంతర్జాతీయ వ్యవహారాల పాఠశాల వంటి ప్రైవేటు సంస్థల్లో ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది, విదేశీ అధ్యాపకులు, విదేశీ విశ్వవిద్యాలయాలతో మార్పిడి ఒప్పందాలు వాటి బలం. హైదరాబాద్‌లో గీతం విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2021లో మొదలైన కౌటిల్య ప్రజా విధాన పాఠశాలకు ఐక్యరాజ్యసమితిలో భారత శాశ్వత ప్రతినిధిగా పనిచేసిన సయ్యద్ అక్బరుద్దీన్ డీన్‌గా ఉండడం వల్ల విదేశాంగ అనుభవం అక్కడికి చేరినా, అది ప్రధానంగా ప్రజా విధానపు పట్టా అని గుర్తుంచుకోవాలి. ఆస్తి తాకట్టు పెట్టి కట్టవలసిన ఫీజు అయితే ఈ శాస్త్రం విషయంలో అప్పు చేయకపోవడమే మంచిది, ఎందుకంటే తొలి అయిదేళ్లలో పరిశోధన సంస్థల జీతాలు ఆ అప్పు వాయిదాలకు సరిపోవు.

విదేశాల్లో చదువు గురించి ఆలోచించేవారికి పేర్లు అనేకం వినిపిస్తాయి. లండన్ కింగ్స్ కళాశాలలోని యుద్ధ అధ్యయనాల విభాగం, వాషింగ్టన్‌లో 1919లో ఏర్పడిన జార్జ్‌టౌన్ విదేశాంగ సేవా పాఠశాల, సింగపూర్‌లోని రాజరత్నం పాఠశాల భద్రతా అధ్యయనాల్లో ప్రసిద్ధమైనవి. బ్రిటన్‌లో పీజీ సాధారణంగా ఏడాది, అమెరికాలో రెండేళ్లు. అమెరికా అనగానే తెలుగు కుటుంబాలకు ఎంఎస్, ఆ తర్వాత ఉద్యోగం అనే క్రమం గుర్తుకొస్తుంది, ఆ క్రమం ఇక్కడ పనిచేయదు. చదువు తర్వాత అక్కడ పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి పన్నెండు నెలలు, శాస్త్ర, సాంకేతిక, ఇంజనీరింగ్, గణిత పట్టాలకు మాత్రమే అది మరో ఇరవై నాలుగు నెలలు పెరుగుతుంది. అంతర్జాతీయ సంబంధాల పట్టాలకు సాధారణంగా ఆ పెంపు వర్తించదు. ఐ-20 పత్రం మీద కోర్సు వర్గాన్ని సూచించే సీఐపీ కోడ్ ఆ పెంపుకు అర్హమైన పట్టాల జాబితాలో ఉందో లేదో చూడకుండా సీటు ఖరారు చేసుకోకూడదు.

భద్రతా రంగంలో పౌరసత్వం తలుపులు తెరుస్తుంది, మూస్తుంది. అమెరికా ప్రభుత్వ రక్షణ, గూఢచార సంస్థల్లో పనికి రహస్య పత్రాలు చూసే అనుమతి కావాలి, అది సాధారణంగా ఆ దేశ పౌరులకే ఇస్తారు, కాబట్టి ఆ ఉద్యోగాల ఆశతో ఇక్కడి నుంచి వెళ్లే విద్యార్థి దారి మొదటి మెట్టు దగ్గరే ఆగుతుంది. దీనికి విరుద్ధమైన స్థితి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలది. వారికి అమెరికా విదేశాంగ శాఖ ఉద్యోగాలు అందుబాటులో ఉంటాయి, ఇంట్లో నేర్చిన తెలుగుతో పాటు హిందీయో ఉర్దూయో తోడైతే దక్షిణాసియా మీద పనిచేయడానికి మంచి సాధనం అవుతుంది. భారత విదేశాంగ సేవకు మాత్రం భారత పౌరులే అర్హులు, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు దానికి ప్రత్యామ్నాయం కాదు. ఇక భారత పౌరుడిగా విదేశంలో చదివి తిరిగి వచ్చి ఇక్కడి పరిశోధన సంస్థల్లోనో విశ్వవిద్యాలయాల్లోనో స్థిరపడాలనుకునేవారికి ఉపకార వేతనాలు ఉన్నాయి. బ్రిటన్ ఇచ్చే చీవ్‌నింగ్‌కు రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి, చదువు తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. గ్లాస్గో, డబ్లిన్, ట్రెంటో, ప్రాగ్ నగరాల విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే భద్రత, గూఢచర్య, వ్యూహాత్మక అధ్యయనాల పీజీకి ఎరాస్మస్ ముండుస్ ఉపకార వేతనం లభిస్తుంది. తెలంగాణలోని అంబేడ్కర్, పూలే పేర్లతో ఉన్న ఓవర్సీస్ విద్యానిధి పథకాలు ఏ శాస్త్రాలకు, ఏ దేశాలకు వర్తిస్తాయో ఆ ఏటి నోటిఫికేషన్‌లో సరిచూసుకోవాలి.

దరఖాస్తుల కాలం గురించి చివరిగా చెప్పవలసి ఉంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీలకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయిన సీయూఈటీ దరఖాస్తులు సాధారణంగా చలికాలంలో తెరుచుకుంటాయి, పరీక్ష మార్చి ప్రాంతంలో ఉంటుంది. అమెరికా విశ్వవిద్యాలయాల గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తాయి, ఎరాస్మస్ గడువులూ దాదాపు అదే సమయంలో వస్తాయి. అంటే డిగ్రీ చివరి ఏడాది దసరా నాటికి ఎంచుకున్న ప్రాంతం మీద ఒక వ్యాసం, ఆ ప్రాంతపు భాషలో కనీసం ప్రాథమిక సర్టిఫికెట్, విద్యార్థి రాతను నిజంగా చదివిన ఇద్దరు అధ్యాపకుల సిఫారసు లేఖలు సిద్ధంగా ఉండాలి. మన డిగ్రీ కళాశాలల్లో పెద్ద తరగతుల మధ్య ఒక విద్యార్థి రాత అధ్యాపకుడికి గుర్తుండడం అరుదు కాబట్టి, రెండో ఏడాది మొదట్లోనే ఒకరిద్దరు అధ్యాపకులను ఎంచుకుని, సెమిస్టర్‌కు ఒక వ్యాసమైనా సిలబస్‌తో నిమిత్తం లేకుండా రాసి చూపించి, వారు దిద్దినదాన్ని తిరగరాసి మళ్లీ చూపించడం మొదలుపెట్టాలి.